పామిడి నుంచి వచ్చిన ఓటు

మా వైపు మార్చి దాటిందంటే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా బజారులో మనుషులు కనిపించరు. కదిరిలో నా కళ్లద్దాల షాపు ఉన్న వీధిలో ఆ మూడు గంటలూ షట్టర్లన్నీ సగానికి దింపి ఉంటాయి. సగం దింపిన షట్టరుకు అర్థం అందరికీ తెలుసు. లోపల మనిషి ఉన్నాడు, మరీ అవసరమైతే తప్ప పిలవొద్దు. పక్క చెప్పుల షాపాయన ఆ సమయంలో అట్టపెట్టెల మధ్య పడుకుని నిద్రపోతాడు. ఎదురుగా మందుల షాపులో టీవీ నడుస్తుంటుంది. నేను కౌంటరు కింద నుంచి ల్యాప్‌టాప్ తీసి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఆట ఆడేవాణ్ని.

నలభై ఏడేళ్ల మనిషి ఆట గురించి రాయడమేమిటని అనుకోవచ్చు. ఆ ఆటలో నేను ఒక మనిషికి అన్యాయం చేశాను. అందుకని రాస్తున్నాను.

అది ఇరవై ఏళ్లు దాటిన పాత కంప్యూటర్ ఆట. చదువుకునే రోజుల్లో అనంతపురం ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతని ఇచ్చి ఆడినది. తయారుచేసినవాళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశారు. ఇష్టం చావని కొందరు తలా కొంత పని పంచుకుని ఇంకా నడిపిస్తున్నారు. ఆటలో ఒక్కొక్కరికి ఒక చిన్న పల్లె ఇస్తారు. కట్టెలు కొట్టించాలి, పంట వేయాలి, గోడ కట్టుకోవాలి, సైన్యాన్ని తయారుచేసి ఎదుటి జట్టు మీదికి పంపాలి. నలుగురు ఒక వైపు, నలుగురు ఒక వైపు. ఒక ఆట ముగియడానికి గంట పైన పడుతుంది.

మా ఉమ్మడి అనంతపురం జిల్లావాళ్లం పద్నాలుగు మందిమి దాని కోసం ఒక గది పెట్టుకున్నాం. గది అంటే నిజం గది కాదు, ఆటలో అందరం కలిసి మాట్లాడుకునే చోటు. దానికి 'ఎండ గది' అని పేరు పెట్టాం, ఎండ వేళలోనే తెరుచుకుంటుంది కాబట్టి. ధర్మవరంలో పట్టుచీరల షాపాయన పరుపు మీద కూర్చుని, బీరువాకు వీపు ఆనించి ఆడేవాడు. చిలమత్తూరులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే యువకుడు ఒకడు. పామిడి దగ్గర పెన్న ఒడ్డున చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉన్న రైతు ఒకాయన. మిగతావాళ్లు కూడా ఇలాంటి వాళ్లే. పేర్లు ఎవరూ పిలిచేవాళ్లు కాదు, ఊరి పేరే మనిషి పేరు. నేను కదిరి.

నా భార్య నర్సు. బదిలీ మీద మదనపల్లె వెళ్లి ఏడేళ్లయింది. మొదట ప్రతి శనివారం వచ్చేది, తర్వాత నెలకు రెండుసార్లు, తర్వాత పండగలకు. మా మధ్య గొడవేమీ జరగలేదు. రాకపోతే ఎందుకు రాలేదని నేను అడగలేదు, అంతే. ఎండ గది మొదలైంది ఆమె వెళ్లిన ఏడాదే. అప్పటి నుంచి రోజులో నేను ఎక్కువసేపు మాట్లాడింది ఆ గొంతులతోనే.

మా గదిలో జట్లు పంచేవాణ్ని నేను. వచ్చిన ఎనిమిది మందిలో ఎవరు ఏ వైపు అనేది నేను చెబితే అందరూ ఒప్పుకునేవాళ్లు. అందరిలో బాగా ఆడేవాణ్ని నేనే. అందరికంటే నెమ్మదిగా ఆడేవాడు పామిడి. కాబట్టి రోజూ నేనూ, పామిడీ ఒక జట్టు. అలా పంచితేనే తూకం సరిపోయేది.

పామిడికి ఇంకో ఇబ్బంది ఉంది. తోటలో బోరు మోటారు షెడ్డులో కూర్చుని ఫోను ఇంటర్నెట్ మీద ఆడేవాడు. త్రీఫేజ్ కరెంటు వచ్చినప్పుడు లేచి మోటారు వేయాలి. బోరులో నీళ్లు తక్కువ, తోటంతా ఒకేసారి పారదు. సగం తోట తడిశాక వాల్వు తిప్పి మిగతా సగానికి నీళ్లు మళ్లించాలి. ఆట మధ్యలో ఉండగా హఠాత్తుగా, "కరెంటొచ్చె!" అని కేక వినిపించేది. ఆ కేక వినగానే ఎవరికి వీలైతే వాళ్లు ఆట ఆపే బటన్ నొక్కేవాళ్లు. సైనికులు కత్తులు ఎత్తినచోటే ఆగిపోయేవాళ్లు. ఆయన వాల్వు తిప్పి వచ్చేదాకా ఏడుగురం మాట్లాడుకుంటూ కూర్చునేవాళ్లం.

"ఏమప్పా చిలమత్తూరు, నీ మీదికి నా ఏనుగులొస్తాండాయి, తెలుసునా?" అనేవాడు ధర్మవరం.

"రానీ అన్నా. నీ ఏనుగులు కూడా నీ మాదిరే. దోవలో కూర్చుని కాఫీ తాగుతాయి."

పామిడి తిరిగొచ్చి, కాళ్ల బురద విదిలించుకుంటూ నవ్వేవాడు. "ఈ ఆటలో పైరుకు వాన అవసరం లేదప్పా. అందుకే ఆడతాండా" అనేవాడు. ఐదు నిమిషాలు అనుకున్నది ఒక్కోసారి పది అయ్యేది. ఎవరూ తప్పు పట్టలేదు. నేను కూడా పైకి తప్పు పట్టలేదు.

లోపల మాత్రం ఆ పది నిమిషాలూ నేను లెక్క చూసుకునేవాణ్ని. ఈయన్ని మోస్తూ ఆడుతున్నాను, నా ఆట ఎంతటిదో ఎవరికీ తెలియడం లేదు అనుకునేవాణ్ని. పామిడి తన పల్లెలో పండించిన ధాన్యం, కొట్టించిన కట్టెలు నాకు పంపేవాడు. తన సైన్యం చిన్నదిగానే ఉంచుకుని, "అన్నా, నీకు పంపినా, చూసుకో" అనేవాడు. అది నాకు మామూలు అయిపోయింది. నా జీతగాడు నాకు చేస్తున్న పనిలా తీసుకున్నాను.

నిరుడు వేసవిలో ఆటను నడిపేవాళ్లు కొత్త పద్ధతి ఒకటి తెచ్చారు. ఇక మీదట ఎవరూ జట్లు పంచనవసరం లేదు. ప్రతి ఆటగాడికీ ఒక అంకె ఉంటుంది. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. ఆట మొదలుపెట్టమని బటన్ నొక్కితే, దేశంలో ఆ సమయానికి ఉన్నవాళ్లలో మన అంకెకు దగ్గరగా ఉన్నవాళ్లని మిషనే వెతికి జట్లు కడుతుంది. ఆట ఆపే బటన్ ఉండదు. మధ్యలో కదలకుండా ఉంటే పారిపోయినట్లు లెక్క. అలా మూడుసార్లు జరిగితే ఒక రోజు ఆడనివ్వరు. ఆ తర్వాత మూడు రోజులు, ఆ తర్వాత పది. చేరడం, చేరకపోవడం గదుల ఇష్టం. ఒక గది చేరితే దానిలో పాత పద్ధతి మూతపడుతుంది.

గదిలో వారం రోజులు ఆట జరగలేదు, మాటలే జరిగాయి.

చిలమత్తూరు మొదటి రోజే తేల్చేశాడు. "చేరాల్సిందే. కదిరన్న పంచితే కదిరన్న జట్టే గెలుస్తాది. మిషన్ పంచితే ఎవురి జట్టూ కాదు."

"ఏమప్పా, అట్లంటావు? ఆయప్ప పక్కన పామిడి ఉంటాడు కదా" అన్నాడు ధర్మవరం.

"ఉంటే? పామిడన్న పంపే ధాన్యం తిని ఆయప్ప బలుస్తాడు. నాకెవురు పంపుతారు?"

అందరూ నవ్వారు. ఆ మాటలో ఉన్న నిజం నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది. నాకు కోపం మాత్రమే వచ్చింది. ఆ కోపాన్ని దాచుకోవడానికి పెద్దమనిషి గొంతు తెచ్చుకుని, "తమ్ముడు చెప్పింది న్యాయమే. నేను పంచడం వల్ల అనుమానాలు వస్తున్నాయంటే నేను తప్పుకుంటాను. కొత్తదానికే నా మద్దతు" అన్నాను. నా అధికారాన్ని నేనే వదులుకుంటున్నానని వాళ్లు మెచ్చుకున్నారు. నిజానికి నాకు ఆ అంకె కావాలి. దేశం మొత్తం మీద నేను ఎన్నో స్థానంలో ఉన్నానో చూసుకోవాలి. రోజూ షాపులో జనాల కళ్ల నంబర్లు చూసి చీటీ మీద రాసిచ్చేవాణ్ని, నా నంబరు ఎంతో ఎవరూ చెప్పినవాళ్లు లేరు.

ధర్మవరం ఒప్పుకోలేదు. "ఇది మనం కూర్చుని మాట్లాడుకునే చోటప్పా. ముక్కూ మొగం తెలీనోళ్లతో ఆడే పనైతే నాకు ఆటెందుకు? బ్యాంకులో టోకెన్ తీసుకున్నట్ల కూర్చోవల్ల."

"నువ్వు ఓడిపోతావని భయమన్నా నీకు" అన్నాడు చిలమత్తూరు.

"నేను పుట్టినప్పట్నుంచీ ఓడిపోతానే ఉండానప్పా. ఈ పొద్దు కొత్తగా భయమేమి?"

పామిడి చివరిదాకా వింటూ ఊరుకున్నాడు. అడిగితే అన్నాడు: "నాకు పాయింట్లేమొద్దన్నా. వాల్వు తిప్పొచ్చేంత టైమిస్తే సాలు."

చివరికి ఓటు పెట్టాలనుకున్నాం. మొహం మీద చెబితే మొహాలు చెడతాయని, ఎవరి ఓటు వాళ్లు నాకు విడిగా ఫోనులో పంపాలని ధర్మవరమే అన్నాడు. పాత పద్ధతి మారాలంటే కొత్తదానికి ఎక్కువ ఓట్లు రావాలి. సమానమైతే పాతదే ఉంటుంది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆఖరు. లెక్క చెప్పేది నేను. నన్ను ఎవరూ అనుమానించలేదు.

ఆదివారం మూడున్నరకు నా దగ్గర పదమూడు ఓట్లు ఉన్నాయి. నాదీ కలిపి కొత్తదానికి ఏడు, పాతదానికి ఆరు. పామిడి ఒక్కడే మిగిలాడు. షట్టరు సగం దింపి, ఫోను కౌంటరు అద్దం మీద పెట్టుకుని కూర్చున్నాను. రాకూడదని కోరుకున్నాను. నాలుగుకు పది నిమిషాలు తక్కువ ఉండగా ఆయన గొంతు వచ్చింది, వాయిస్ మెసేజ్. ఫోను ఎత్తి విన్నాను. వెనకాల మోటారు చప్పుడు. "అన్నా, నీళ్లు కడతాంటి, ఆలస్యమయ్యె. నా ఓటు పాతదానికే. నువ్వు యాడుంటే ఆడ నేనూ ఉంటా, ఆ మాట వేరే. కానీ ఓటు పాతదానికే."

రెండుసార్లు విన్నాను. వచ్చిన మెసేజ్ చూసినట్టు అవతలివాళ్లకు తెలియకుండా నా ఫోనులో ముందే పెట్టుకుని ఉన్నాను. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అది గుర్తొచ్చిన క్షణంలోనే నేనేం చేయబోతున్నానో నాకు తెలిసిపోయింది. ఆవేశంలో చేశానని చెప్పుకోవడానికి లేదు. పది నిమిషాల టైము ఉంది. ఆ పది నిమిషాలూ నిదానంగా కూర్చున్నాను.

నాలుగింటికి గదిలోకి వెళ్లి, "ఏడు, ఆరు. కొత్త పద్ధతి గెలిచింది" అని చెప్పాను.

"ఇంకొకటి?" అన్నాడు ధర్మవరం.

"పామిడి నుంచి రాలేదు" అన్నాను.

ధర్మవరం గట్టిగా నిట్టూర్చాడు. "థూ. నీళ్లు, నీళ్లని ఆ నీళ్లల్లోనే మునిగిపోనీ" అన్నాడు. చిలమత్తూరు ఈల వేశాడు.

ఒక గంటకు పామిడి గదిలోకి వచ్చాడు. ధర్మవరం ఆయన మీద విరుచుకుపడ్డాడు. "ఏమప్పా, నీ ఓటు ఒక్కటుంటే నిలబడేది. నీ కోసమేనప్పా మేమంతా కొట్లాడింది. వారమంతా గొంతు పోయేట్లు అరిస్తి. నువ్వు తీరిగ్గా తోటలో పండుకున్నావా?"

మోటారు చప్పుడు ఆగిపోయి ఉంది, పామిడి ఊపిరి వినిపిస్తోంది. తర్వాత అన్నాడు: "పంపినాననుకుంటి. సిగ్నల్ లేక యాడో నిల్చిపోయినట్లుండాది. తప్పు నాదే అన్నా."

అప్పుడైనా నేను నోరు తెరవలేదు.

మరుసటి రోజు నుంచి మిషను జట్లు కట్టడం మొదలుపెట్టింది. మా గదివాళ్లం ఒకరికొకరం ఆటలో తగల్లేదు. నాకు లూథియానా వాళ్లు, గువాహటి వాళ్లు జోడీ అయ్యేవాళ్లు. మాటలుండవు. ఆట అయిపోగానే తెర మీద అంకె మారుతుంది, అందరూ మాయమవుతారు. పామిడికి మొదటి వారంలోనే మూడుసార్లు పారిపోయిన గుర్తు పడింది. ఒక రోజు ఆపేశారు. మళ్లీ వచ్చాడు. ఓడి ఓడి అంకె ఎంత కిందికి పోయిందంటే, మధ్యాహ్నం పూట అంత కింద ఆడేవాళ్లే దొరికేవాళ్లు కాదు. గది జాబితాలో ఆయన పేరు ఎదురుగా 'వెతుకుతోంది' అని ఒక మాట మెరుస్తూ ఉండేది. నేను ఒక ఆట ఆడి బయటికి వచ్చేసరికి కూడా అలాగే ఉండేది. ఇంకొకటి ఆడి వచ్చినా అలాగే.

"యాడిదాకా వచ్చినారన్నా నా జట్టోళ్లు? గుత్తి దాటినారా?" అని ఒకరోజు నాతో తమాషా చేశాడు. నేను నవ్వాను. అంతకంటే ఏమీ మాట్లాడకుండా నా తర్వాతి ఆటకు బటన్ నొక్కాను. నెలన్నర తర్వాత ఆ పేరు జాబితాలో కనిపించడం మానేసింది.

నా అంకె సంగతి కూడా చెప్పాలి. మొదటి వారం బాగానే ఎక్కింది. తర్వాత నిలిచింది, తర్వాత దిగింది. ఆషాఢం వచ్చేసరికి నేను మధ్యలో ఎక్కడో ఉన్నాను. నా పల్లెలో ధాన్యం ఎప్పుడూ చాలడం లేదు. సైన్యం కట్టాల్సిన సమయానికి కట్టెలు ఉండవు. ఎందుకో తెలుసుకోవడానికి మా పాత ఆటలు కొన్ని మళ్లీ తెరిచి చూశాను. ఆట మొత్తాన్ని దాచుకుని తర్వాత చూసుకునే వీలుంది అందులో. ప్రతి ఆటలోనూ అదే కనిపించింది. ఇరవయ్యో నిమిషం నుంచి పామిడి పల్లె నుంచి నా పల్లెకు బండ్లు వస్తూనే ఉన్నాయి. ఆయన మనుషులు పస్తులుంటున్నారు, నా గుర్రాలు మేస్తున్నాయి. ఆరేళ్లు నేను మోశాననుకున్న మనిషి నన్ను మోశాడు. పంపినదానికి మిషను పాయింట్లు ఇవ్వదు. నేనూ ఇవ్వలేదు.

అది తెలిశాక కూడా ఊరుకున్నాను. సిగ్గుపడడం వేరు, చెప్పడం వేరు. రోజూ మధ్యాహ్నం షట్టరు సగం దింపేవాణ్ని, హెడ్‌ఫోన్ పెట్టుకునేవాణ్ని. గదిలో ఒకరో ఇద్దరో ఉండేవాళ్లు, ఎవరి ఆటలో వాళ్లు. ఒక్కోసారి నా గొంతు నాకే వినపడాలని ఫ్రేములు తుడుస్తూ గట్టిగా అంకెలు చదివేవాణ్ని.

శ్రావణంలో ధర్మవరం తన కూతురి పెళ్లికి ఎండ గది వాళ్లందరినీ పిలిచాడు. గొంతులు మాత్రమే తెలిసిన మనుషులం అక్కడ మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నాం. చిలమత్తూరు నేను ఊహించుకున్నదానికంటే బక్కగా, బిడియంగా ఉన్నాడు. భోజనాల వరసలో ఐదుగురం పక్కపక్కన కూర్చున్నాం. వడ్డిస్తూ మా దగ్గరికి వచ్చిన ధర్మవరాన్ని ఎవరో అడిగారు, పామిడి రాలేదా అని.

"పిల్చలేదప్పా" అన్నాడు. "ఓటు పంపేదానికే ఓపిక లేనోడు పెండ్లికొస్తాడా? మన గది మట్టిలో కలిసిపోయిందే ఆయప్ప వల్ల. ఆ పొద్దు నుంచీ ఆయప్పతో మాటల్లేవు నాకు."

"ఆయన మంచోడన్నా" అన్నాడు చిలమత్తూరు. కొత్త పద్ధతి కావాలన్న మనిషి ఆ మాటన్నాడు.

"మంచోడే. నమ్మకం లేని మంచోడు."

నా విస్తట్లో పాయసం ఉంది. అది తినలేకపోయాను, లేవలేకపోయాను. ఓటు పోయిన విషయం అంతటితో ఆగిందని అనుకున్నాను. ఒక మనిషి మర్యాద ఇన్ని నెలలుగా ఇలా ఊళ్లలో పోతోందని నాకు తెలియలేదు. తెలుసుకోవాలని నేను చూడలేదు.

మరుసటి రోజు షాపు తెరవలేదు. అనంతపురం బస్సెక్కి, అక్కడ మారి, పామిడిలో దిగి, ఆటో మాట్లాడుకున్నాను. తోట కనుక్కోవడం కష్టం కాలేదు. మోటారు షెడ్డు ముందు మంచం మీద ఒకాయన పైపు ముక్కకు దారం చుడుతున్నాడు. నెరిసిన జుట్టు. నాకంటే పదేళ్లయినా పెద్దవాడు. ఆరేళ్లుగా నన్ను అన్నా అని పిలిచింది ఆయనే.

"నేను కదిరి" అన్నాను.

గొంతు గుర్తుపట్టి లేచాడు. "ఓ, అన్నా! ఏమింత దూరం? కూర్చో. తిన్నావా?" లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చాడు.

నీళ్లు తాగకుండానే చెప్పేశాను. ఎలా చెప్పాలని బస్సులో అనుకున్నానో అదేదీ నోట్లోంచి రాలేదు. "నీ ఓటు వచ్చింది. నాలుగుకు పది నిమిషాల ముందే వచ్చింది. విన్నాను. రాలేదని చెప్పాను. క్షమించమని అడగడానికి వచ్చాను."

ఆయన పైపు ముక్క మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "తెలుసు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నా ఫోన్లో రెండు గీతలు పడె కదన్నా. నీకు చేరినట్లే కదా. నువ్వు రాలేదని చెప్పినావని ధర్మవరమాయప్ప అరస్తాంటే, ఫోను తీసి చూసుకుంటి. రెండు గీతలుండాయి."

"మరి సిగ్నల్ లేదని ఎందుకన్నావు?"

"ఏమంటా? కదిరన్న అబద్ధం చెప్తాండాడని పద్నాలుగు మంది ముందర అనేదా? నువ్వే చెప్తావులే అనుకుంటి. ఒక పొద్దు చూస్తి. వారం చూస్తి. ఆట దొరక్కపోయినా దినామూ వచ్చి కూర్చుంటి కదా, దాని కోసమే. నువ్వు మాట్లాడితే ఇనాలని. నువ్వు నవ్వుతివి, పోతివి." దారం బిగించి పళ్లతో కొరికాడు. "తర్వాత చూసేది మానేస్తి."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. చీనీ చెట్ల వైపు చూస్తూ నా ఏడుపు అయ్యేదాకా ఆగి, "నాకు తెలిసిందే నాకు చెప్పేదానికి బస్సెక్కి వచ్చినావు. తెలీనోళ్లకు చెప్పకుంటివి" అన్నాడు. తర్వాత సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టాడు. వద్దనే హక్కు నాకు లేదనిపించి తిన్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటో దాకా వచ్చాడు. గదికి మళ్లీ రమ్మని అడిగాను.

"రాను" అన్నాడు. కోపంగా కాదు. "నా గురించి మళ్లీ అందురూ కూర్చుని మాట్లాడుకునేది నాకొద్దు. నా పేరు మాత్రం కడిగేయి. అది నీ పని."

మరుసటి మధ్యాహ్నం ఎండ గదికి రమ్మని అందరికీ కబురు పంపాను. పదకొండు మంది వచ్చారు. ఆయన వాయిస్ మెసేజ్ నా ఫోనులో ఇంకా ఉంది. నేను చెప్పాల్సింది రెండు మాటల్లో చెప్పి, అది వినిపించాను. మోటారు చప్పుడు, ఆలస్యమయ్యె అన్న మాట, పాతదానికే అన్న మాట, అన్నీ అందరూ విన్నారు. ఆయన నన్ను కాపాడడానికి తప్పు తన మీద వేసుకున్నాడని కూడా చెప్పాను. ఇన్నేళ్లూ ఆయన్ని నేనే మోస్తున్నాననుకున్న సంగతీ దాచలేదు.

మొదట చిలమత్తూరు మాట్లాడాడు. "ఛీ. నేను గెలిచినానని ఈల వేస్తి కదన్నా. దొంగ గెలుపుకు ఈల వేయించినావు నాతో" అన్నాడు. గదిలోంచి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత వచ్చాడు గానీ ఆ తర్వాత నన్ను అన్నా అనలేదు.

ధర్మవరం అన్నాడు: "పెండ్లికి పిలవకుంటినే." నన్ను తిట్టలేదు. ఆ సాయంత్రమే షాపు మూసి, పెళ్లి చీరె ఒకటి, మిఠాయి తీసుకుని పామిడి పోయి వచ్చాడని తర్వాత తెలిసింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు ఎవరూ చెప్పలేదు.

మళ్లీ ఓటు పెట్టారు. ఈసారి లెక్క నేను చూడలేదు. ఎండ గది మిషను నుంచి బయటికి వచ్చింది. జట్లు ఇప్పుడు ధర్మవరం పంచుతాడు. మొదటి రోజు ఏడుగురమే ఉన్నాం. ఎనిమిదో వాణ్ని ఎవరినైనా పిలుద్దామా అని ఒకరు అడిగారు.

"ఎవుర్నీ పిల్చేది లేదు" అన్నాడు ధర్మవరం. "నలుగురు ఈ పక్క, ముగ్గురు ఆ పక్క. ముగ్గురి పక్క కదిరి. ఏమప్పా, మోస్తాంటివంట కదా ఇన్నేండ్లు. మోయి."

ఎవరూ నవ్వలేదు. నేను సరే అన్నాను.

అప్పటి నుంచి అలాగే ఆడుతున్నాం. ముగ్గురితో గెలవడం కుదరదు. నా పక్కన ఉండాల్సిన పల్లె స్థలం పటం మీద ఖాళీగా, పచ్చగా ఉంటుంది. మిగతావాళ్లు తమలో తాము కబుర్లు చెప్పుకుంటారు. నాకు అవసరమైన మాట వరకే చెబుతారు. ఆట ఓడిపోయాక హెడ్‌ఫోన్ తీస్తే చెవులు చెమట పట్టి ఉంటాయి. కాసేపు అలాగే కూర్చుంటాను. ఒకసారి మదనపల్లెకు ఫోన్ చేసి, ఎందుకు రావడం తగ్గించావని నా భార్యను అడిగాను. చాలా ఆలస్యంగా అడుగుతున్నావు అంది. పెట్టేయలేదు, అలాగని ఇంకేమీ చెప్పనూ లేదు.

నిన్న కూడా ఓడిపోయాం. అందరూ వెళ్లిపోతుంటే ధర్మవరం అడిగాడు.

"రేపొస్తావా?"

"వస్తాను."

"ముగ్గురే ఉంటారు మీరు."

"తెలుసన్నా" అన్నాను. ఆయన సరేనని వెళ్లిపోయాడు. నాలుగైంది. లేచి షట్టరు పైకి ఎత్తాను.